గాజులు తొడిగే వేళ్ళు

వేలికి చుట్టిన గుడ్డపేలిక తెల్లారేసరికి పుండుకు అంటుకుపోయింది. సైదాబీ కుడిచేతిని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ముంచి, పెరటి గుమ్మంలో పీట వేసుకుని, గుడ్డ నానేదాకా కూర్చుంది. కాసేపటికి నీళ్ళు తెల్లబడ్డాయి. అది సున్నం. ఇంకాసేపటికి కొంచెం ఎర్రబడ్డాయి. అప్పుడు పళ్ళు బిగించి పేలికను ఒక్క లాగు లాగింది.

బొటనవేలి కణుపు మీది పులిపిరి ఊడలేదు. దాని నెత్తి మాత్రం కాలి నల్లబడింది. చుట్టూ చర్మం లేచిపోయి పచ్చిగా చెమ్మ ఊరుతోంది. చూపుడువేలి మీదివి రెండూ అంతే. మధ్యవేలి పక్కనున్న చిన్నవాటికి రాత్రి సున్నం చాలలేదు. అవి మాత్రం ఏమీ జరగనట్టు జొన్నగింజల్లా నిలబడి ఉన్నాయి.

"చెప్తే విన్నారా అత్తా? సున్నం, చాకలిసోడా కలిపి అగ్గిపుల్లతో చుక్కంత పెట్టమంది పక్కింటి బంగార్రాజు గారి భార్య. మీరేమో గోరింటాకు పెట్టుకున్నట్టు దట్టంగా పామేసి, గుడ్డ కట్టుకుని పడుకున్నారు," అంది కోడలు యాస్మిన్, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"ఇవాళ్టికి రాలిపోవాలి కదే మరి."

"మన తొందర వాటికేం తెలుస్తుంది?"

సైదాబీ నవ్వబోయింది. గాలి తగిలి వేళ్ళు భగ్గుమనడంతో ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎడమచేత్తో టీ తాగింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ అత్తను చూస్తున్న యాస్మిన్‌కు ఆ మనిషి ఎడమచేత్తో గ్లాసు పట్టుకోవడం కొత్తగా కనిపించింది.

పులిపిరి పెద్ద జబ్బేమీ కాదు. అది వచ్చి ప్రాణం పోయినవాళ్ళు తాడేపల్లిగూడెంలో ఎవరూ లేరు. జ్వరం వస్తే పలకరించడానికి మనుషులొస్తారు, కాలు విరిగితే బత్తాయిలు పట్టుకొస్తారు. పులిపిరి వచ్చిందంటే మాత్రం నవ్వి, తలా ఒక మందు చెప్పి పోతారు. గుర్రపు వెంట్రుక కట్టి బిగించమని ఒకరు, జిల్లేడు పాలు పెట్టమని ఒకరు, ఉల్లిపాయలకు కొదవలేని ఊరు కాబట్టి ఉల్లిపాయ కోసి రుద్దమని ఇంకొకరు. నిజానికి ఒంటిమీద ఏదో ఒకటి లేనివాళ్ళెవరు? బంగార్రాజు మెడ చుట్టూ పేర్చినట్టు ఉండేవి. సైదాబీ కొడుకు జీషాన్‌కు పెళ్ళయినా మొటిమలు వదల్లేదు. ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి వీరవెంకటరమణ గారికి ముక్కు పక్కన కందిగింజంత మచ్చ ఉంది. ఆయన వ్యాపారం కలిసిరావడానికి ఆ మచ్చే కారణమని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. అదే కందిగింజ ఆడమనిషి వేలి మీద లేస్తే ఎవరూ అదృష్టం అనరు. సైదాబీకి వచ్చినవి వేళ్ళ మీదే. ఆమె బతుకు నడిచేదీ ఆ వేళ్ళతోనే.

గాజులు అమ్మేవాళ్ళు వీధికొకరుంటారు. తొడిగేవాళ్ళు వేరు. ఎదుట కూర్చున్న మనిషి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నాలుగు వేళ్ళూ దగ్గరికి కూర్చి, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, ఆ ఎముక సద్దుకున్న క్షణం కనిపెట్టి గాజును దాటించేయాలి. కంటితో చూసి చేసే పని కాదు. తొడిగేటప్పుడు సైదాబీ చేతులకేసి చూసేదే కాదు, ముఖంకేసి చూసి కబుర్లు చెప్పేది. "అత్తగారు బాగా చూసుకుంటోందామ్మా?" అని అడిగి, ఆ పిల్ల జవాబు వెతుక్కునేలోపు నాలుగు గాజులు మణికట్టు దగ్గర గలగలమనేవి.

భర్త షంషుద్దీన్ ఉన్న రోజుల్లో ఇద్దరూ ఊళ్ళు తిరిగేవారు. తాళ్ళకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని ఆయన ముందు నడిస్తే, సబ్బు గిన్నె, చాప పట్టుకుని ఆమె వెనక నడిచేది. ఉంగుటూరు కాలవగట్లన్నీ వాళ్ళకు తెలుసు. కొల్లేటి లంకలు దాటి ముదినేపల్లి, కలిదిండి దాకా పోయేవాళ్ళు. ఊడ్పులు చేసి చేసి ఒరుసుకుపోయిన చేతులు, రొయ్యలు ఒలిచి చర్మం ఊడిన చేతులు, చెరువుల్లో నాని దద్దుర్లు లేచిన చేతులు, గజ్జి చేతులు, కాలిన చేతులు. సైదాబీ ఏ చెయ్యీ వద్దనలేదు. "నా చెయ్యి బాలేదు గాజులమ్మా" అని ఎవరైనా సిగ్గుపడి కొంగు కింద దాచుకుంటే, "చెయ్యి బాలేకపోవడం ఏంటమ్మా, గాజు పడితే అదే బాగుంటుంది" అని లాక్కుని ఒళ్ళో పెట్టుకునేది. ఆయన పోయాక ఊళ్ళు తిరగడం మానేసి, గూడెం మార్కెట్ వీధిలో చెప్పుల షాపు మెట్ల పక్కన చాప పరుచుకుంది.

మొన్న ఎండాకాలంలో బొటనవేలి మీద ఆవగింజంత మొలిచింది. వానలు పడేసరికి అది పిల్లల్ని పెట్టింది. జీషాన్ తన సెల్‌ఫోన్ రిపేరు షాపు మూసి తల్లిని ఏలూరు తీసుకెళ్ళాడు. చర్మం డాక్టరు చిన్నపిల్ల, యాస్మిన్ ఈడుది. భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"ఇది వైరస్ అండీ. ఎవరి చేతినుంచో అంటి ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. గడ్డకట్టించి తీసేయొచ్చు గానీ చాలాసార్లు రావాలి. ఊరుకున్నా పర్లేదు, ఏడాదికో రెండేళ్ళకో వాటంతటవే పోతాయి. అందాకా ఎవరి చేతులూ పట్టుకోకుండా చూసుకోండి."

"నేను గాజులు తొడుగుతానండీ."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపి తలెత్తింది. "కొన్నాళ్ళు మానేయండి," అంది మెల్లగా. మంచి పిల్ల. అంతకంటే ఏం చెబుతుంది?

తిరుగు బస్సులో సైదాబీ ఒకటే ఆలోచించింది. ఎవరి చేతినుంచి? ఎన్నో ముఖాలు గుర్తొచ్చాయి. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడం చాతకాలేదు. ఆ మనిషికి మాత్రం ఇంకెవరి చేతినుంచి వచ్చిందో అనుకుంది. ఉంగుటూరు వచ్చేసరికి ఆ ఆలోచనా వదిలేసి కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. మర్నాటినుంచి చెప్పుల షాపు మెట్ల పక్కన కొంగు కింద చెయ్యి దాచుకుని కూర్చోవడం ఆమె వంతయింది.

ఇవాళ పొద్దున కూడా అంతే. కాటన్ గుడ్డ శుభ్రంగా చుట్టుకుని బజారుకొచ్చింది. నర్సింగు చదివే పిల్ల ఒకతె వచ్చి ఎర్రగాజులు ఎంచుకుంది. అలవాటుగా చాప మీద కూర్చుని చెయ్యి చాపింది కూడా. సైదాబీ కొంగు కిందినుంచి వేళ్ళు తీసింది. ఆ పిల్ల చూపు గుడ్డ మీదికి, గుడ్డ పక్కన మిగిలిన గింజల మీదికి పోయింది.

"మీకెందుకు శ్రమ మామ్మా, నేనే ఇంటికెళ్ళి వేసుకుంటాను. కాయితంలో చుట్టి ఇచ్చేయండి," అంది. ఎంతో మర్యాదగా అంది. లేచి వెళుతూ చాప తగిలిన చేతిని చున్నీకి తుడుచుకుంది.

గోదావరి మాటలో ఉన్న సుఖం ఏమిటంటే ఎవరూ ఎవరినీ కసురుకోరు. సైదాబీకి మాత్రం ఈ మధ్య ఎవరైనా ఒక్క కసురు కసిరితే బాగుండుననిపిస్తోంది. కసిరినవాళ్ళతో పోట్లాడొచ్చు. "మీకెందుకు శ్రమ" అన్నవాళ్ళతో ఏం పోట్లాడుతుంది?

మధ్యాహ్నానికి చాప చుట్టేసి ఇంటికెళ్ళింది. నమాజు చేసుకుని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. ఇవాళ వీరవెంకటరమణ గారి అమ్మాయి ఉషశ్రీకి శ్రీమంతం.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు గాజులు కొనుక్కోరు, సైదాబీ చేత తొడిగించుకుంటారు. వీరవెంకటరమణ గారి భార్య రత్నాంబ ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు తొడిగింది సైదాబీయే. రత్నాంబ శ్రీమంతానికీ ఆమే తొడిగింది. ఉషశ్రీ పుట్టాక పురిటిస్నానం నాడు, దూదిపింజలాంటి ఆ చేతిని రెండు వేళ్ళతో పట్టుకుని నల్లగాజులు వేసిందీ ఆమే. ఆ పిల్ల బళ్ళో చేరినా, పెద్దమనిషయినా, పెళ్ళయినా కబురు ముందు గాజుల మామ్మకు వచ్చేది. వారం కిందట రత్నాంబ ఫోన్ చేసి, "పదిమందిని పిలిచినా పిలవకపోయినా మీరు రావాలండీ సైదాబీ గారూ. పిల్ల చేతికి మొదటి గాజు మీరు తొడిగితే గానీ మిగతావాళ్ళెవరినీ తొడగనివ్వను," అంది. రాలేనని చెప్పడానికి సైదాబీ నోరు తెరిచింది. "అలాగేనమ్మగారూ" అన్న మాట బయటికొచ్చింది.

ఆ ఒక్క గాజు. అది తన చేత్తో ఉషశ్రీ చేతికి ఎక్కిస్తే చాలు. ఆ తర్వాత ఏడాది కాదు, రెండేళ్ళు ఊరుకోమన్నా ఊరుకుంటుంది. రాత్రి సున్నం అంత దట్టంగా పామడం వెనక ఉన్న తొందర అదే.

ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో ఉంది వాళ్ళ మేడ. వీధంతా ఉల్లిపొరలు ఎగురుతుంటాయి. ఆ ఇంట్లో పట్టుచీరలకు కూడా సన్నగా ఉల్లి వాసన ఉంటుంది. మలారం మోసుకుని పక్కవాకిలి దగ్గరికి వెళ్ళేసరికి రత్నాంబ ఎదురొచ్చింది. నుదుట చెమట, మెడలో పూలరేకులు, చేతిలో గంధం గిన్నె.

"వచ్చారా, రండి రండి. పిల్ల ఇందాకట్నుంచి మీకోసమే..." అంటూ గుడ్డకట్టు చూసి ఆగింది. "అయ్యయ్యో, ఏమైందండీ చేతికి?"

"నూనె చిందిందమ్మగారూ."

అబద్ధం చెప్పడం సైదాబీకి కొత్త కాదు. "ఈ రంగు మీకోసమే పుట్టిందండీ" అని రోజూ ఎంతమందితోనో అంటుంది. అది వ్యాపారం. ఇది కాదు. రత్నాంబ "పాపం, జాగ్రత్తండీ" అని లోపలికి తీసుకెళ్ళింది.

హాల్లో ఉషశ్రీ కుర్చీలో కూర్చుని ఉంది. నిండునెలలు. ముఖం ఉబ్బింది, పాదాలకూ చేతులకూ నీరు పట్టింది. బుగ్గల నిండా గంధం. సైదాబీని చూడగానే "మామ్మా!" అని లేవబోయి, లేవలేక నవ్వేసింది. "చూశారా, నా చేతులెలా అయిపోయాయో. మీ గాజులు ఒక్కటీ పట్టదు."

"పట్టకపోవడం ఏంటి తల్లీ, పడతాయి," అంది సైదాబీ. చాలాకాలానికి ఆమె గొంతు మునుపటిలా పలికింది.

చాప పరిచి, మలారం విప్పి, ఆకుపచ్చ గాజులు ముందు తీసింది. గిన్నెలో సబ్బు కలిపి నురగ చేస్తుండగా ఉషశ్రీ అత్తగారు కనకమహాలక్ష్మి పక్కకొచ్చి నిలబడింది. ఏలూరు మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది, గొంతు ఎప్పుడూ పైకి లేవదు. ఆమె కాసేపు సైదాబీ వేళ్ళకేసి చూసి, రత్నాంబను దగ్గరికి పిలిచింది. మెల్లగానే మాట్లాడింది. అయినా చాప దాకా వినిపించింది.

"వదినగారూ, ఏమనుకోకండి. నూనె చిందితే బొబ్బ లేస్తుంది కదండీ. ఆ మధ్యవేలి పక్కనివి పులిపిరులు. మా తోటికోడలికి వచ్చాయి, నాకు తెలుసు. ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయంట. పెద్దావిడను తప్పు పట్టడం కాదండీ. పిల్ల ఒట్టిమనిషి కాదు కదా, అందుకని."

రత్నాంబ సైదాబీకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నాతో నిజం చెప్పి ఉంటే ఏదో ఒకటి ఆలోచించేదాన్ని కదా" అన్నట్టుంది. సైదాబీ తల వంచుకుని నురగ కలుపుతూనే ఉంది. ఆ గిన్నెలో కలపడానికి ఇంకేమీ లేదు.

"నాకు మామ్మే తొడగాలి," అంది ఉషశ్రీ కుర్చీలోంచి. "అంత భయమైతే గ్లౌజు వేసుకుని తొడుగుతుంది. వంటవాళ్ళ దగ్గర ఉన్నాయిగా."

అందరి ముఖాలూ తేలికపడ్డాయి. ఎవరికీ ఎవరినీ నొప్పించాలని లేదు. లడ్డూలు వడ్డించడానికి తెచ్చుకున్న పల్చటి ప్లాస్టిక్ గ్లౌజు ఒకటి ఎవరో తెచ్చి చాప అంచున పెట్టారు. సైదాబీ గుడ్డకట్టు విప్పేసి దాన్ని తొడుక్కుంది. వేళ్ళ కొసల్లో వదులు, మణికట్టు దగ్గర బిగుతు.

"ఏదీ, చెయ్యి ఇవ్వు తల్లీ."

ఇద్దరు పట్టుకుని చాప మీద కూర్చోబెట్టాక ఉషశ్రీ చెయ్యి ఒళ్ళోకొచ్చింది. సైదాబీ పట్టుకుంది, కానీ పట్టుకున్నట్టు లేదు. వెచ్చదనం ఉంది, మనిషి లేదు. ప్లాస్టిక్ మీద నురగ జారుతోంది. సబ్బునీళ్ళు మణికట్టు దగ్గర్నుంచి లోపలికి దిగి పచ్చిపుళ్ళను తాకాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కబుర్లు చెప్పడానికి ప్రయత్నించింది. "అత్తగారు బాగా చూసుకుంటోందామ్మా?" అంది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు, కనకమహాలక్ష్మి కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్య గాజు కణుపుల దాకా ఎక్కింది.

అక్కడ ఆగింది. మామూలుగా అయితే అక్కడే ఆమె వేళ్ళు వినేవి. ఎముక ఇంకా సద్దుకోలేదో, సద్దుకుందో, ఇంకొంచెం తిప్పాలో, ఆగాలో. ఇప్పుడేమీ వినిపించలేదు. అడ్డుపడుతున్నది ఎముకో, వాచిన కండో, తన వేలి మీద ముడతపడ్డ ప్లాస్టిక్కో తెలీలేదు. తీసేసి పెద్ద సైజు ఎక్కిద్దామా అనుకుంది. మొదటి గాజు వెనక్కి తీయకూడదని ఇంకో మనసు అంది. కొంచెం నొక్కింది.

చిట్‌మని చిన్న చప్పుడు.

ఉషశ్రీ "స్‌" అంది. బొటనవేలి మొదట్లో గీత పడి, దాని మీద ఎర్రటి చుక్క లేచింది.

శుభకార్యంలో గాజు చిట్లడమే అపశకునం, ఎవరూ పైకి అనరంతే. రక్తం కంటబడటం ఇంకా చెడ్డ. అందుకే గాజులు తొడిగేవాళ్ళకు ఒక అలవాటుంది. గీసుకున్న మరుక్షణం బొటనవేలితో ఆ చోటు గట్టిగా అదిమి, మాటల్లో పెట్టి, రక్తం ఆగేదాకా వదలరు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏం జరిగిందో తెలుసుకునేలోపు అంతా సద్దుమణుగుతుంది. సైదాబీ ఆ పని ఎన్నిసార్లు చేసిందో ఆమెకే లెక్క లేదు. ఇప్పుడూ చేసింది. తడి ప్లాస్టిక్ జారుతుందని గ్లౌజును ఒక్క లాగులో ఊడబెరికి, ఉత్త బొటనవేలితో ఆ ఎర్రచుక్కను అదిమేసింది.

అప్పుడు వేళ్ళు విన్నాయి. కింద ఎముక, పైన పల్చటి చర్మం, మధ్యలో టకటకా కొట్టుకుంటున్న నరం. నీరు పట్టినా, పెద్దదైనా, పురిటిస్నానం నాటి ఆ చెయ్యే. ఒక్క క్షణం సైదాబీకి అంతా సరిగ్గా ఉన్నట్టనిపించింది.

ఉషశ్రీ కిందికి చూసింది. నల్లగా కాలిన పులిపిరి, చుట్టూ చెమ్మ ఊరుతున్న పచ్చిమాంసం, దాని కింద తన రక్తం. చెయ్యి విదిలించుకుంది. ఎంత విసురుగా అంటే, సబ్బుగిన్నె తగిలి చాప మీద తలకిందులైంది.

ఎవరూ అరవలేదు. "రామ్మా, కడుక్కుందాం" అని కనకమహాలక్ష్మి కోడలి భుజం పట్టుకుని లేపింది. రత్నాంబ డెట్టాలు కోసం పరుగెత్తింది. పెరట్లో కుళాయి విప్పిన చప్పుడు. సబ్బు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ సబ్బు. హాల్లో మిగిలిన ఆడవాళ్ళు వానల గురించి మాట్లాడుకోసాగారు. సైదాబీని ఎవరూ లెమ్మనలేదు, కూర్చోమనలేదు. ఆమె తడి చాప మీద, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుళాయి ఎప్పుడు కడతారా అని వింటూ కూర్చుంది. అది ఎంతకీ ఆగలేదు. కడుగుతున్నది తననే అన్నట్టు ఆమె ముడుచుకుపోయింది. తప్పు తనదే. అబద్ధం చెప్పింది, రానని చెప్పలేకపోయింది, వచ్చి ముట్టుకుంది. కావాలని చేసిందొక్కటీ లేదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

తర్వాత శ్రీమంతం జరిగింది. జరగకుండా ఎలా ఉంటుంది? పెద్ద సైజు గాజులు తీసి కనకమహాలక్ష్మే కోడలికి తొడిగింది. ఆమెకు చాతకావడం లేదు. తిప్పుతోంది, ఆగుతోంది, పిల్ల ముఖం చూస్తోంది. గుమ్మం పక్కకు తప్పుకుని నిలబడ్డ సైదాబీ వేళ్ళు కొంగు కింద వాటంతటవే కదులుతున్నాయి, దగ్గరికి కూర్చుతూ, నొక్కుతూ, దాటిస్తూ. "చెయ్యి వదులుగా పెట్టు తల్లీ" అంది ఒకసారి, ఉండబట్టలేక. ఉషశ్రీ చెయ్యి వదులు చేసింది, గాజు ఎక్కింది. ఎవరో హారతి పాట అందుకున్నారు.

పాట అవుతుండగానే సైదాబీ పక్కవాకిట్లోకి వచ్చేసింది. మలారం భుజాన సర్దుకుంటుంటే వెనక గాజుల చప్పుడైంది. ఉషశ్రీ ఆయాసపడుతూ వచ్చింది. వేలికి వేసిన ప్లాస్టరు తడిసి ఉంది. కళ్ళూ తడిసి ఉన్నాయి.

"నేను కావాలని లాక్కోలేదు మామ్మా. చెయ్యి దానంతటదే వచ్చేసింది."

సైదాబీకి ఆ పిల్ల చెంప నిమరాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. సగం దాకా లేపి కొంగులో పెట్టేసుకుంది.

"నేనూ కావాలని పట్టుకోలేదు తల్లీ," అంది.

ఇద్దరూ ఏడ్చారు. మధ్యలో చాచితే అందేంత దూరం ఉంది, ఎవరూ చాచలేదు. లోపలినుంచి పిలుపు వస్తే ఉషశ్రీ వెళ్ళిపోయింది.

రత్నాంబ తాంబూలం పళ్ళెం పట్టుకొచ్చింది. రవికెలగుడ్డ, అరటిపళ్ళు, కొబ్బరికాయ. ఎప్పుడూ అందించినట్టే అందించడానికి రెండుచేతులూ ముందుకు చాపింది. చాపిన చేతులు ఎక్కడో ఆగాయి. తన చేతులు ఆగినందుకు రత్నాంబ ముఖం సిగ్గుతో ఎర్రబడింది.

"కింద పెట్టండమ్మగారూ, తీసుకుంటాను," అంది సైదాబీ.

"ఏమండీ సైదాబీ గారూ, మీరు మాత్రం ఏమీ..."

"పెట్టండి. పర్లేదు."

రత్నాంబ మెట్టు మీద పెట్టింది. సైదాబీ వంగి తీసుకుని, కళ్ళకద్దుకుని, ఉల్లిపొరలు ఎగురుతున్న వీధిలోకి దిగింది.

తర్వాత మార్కెట్ వీధిలో చెప్పుల షాపు మెట్ల పక్కన ఎవరూ చాప పరవలేదు. ఉషశ్రీకి ఆడపిల్ల పుట్టిందని రత్నాంబ ఫోన్ చేస్తే, "సంతోషమండీ, అల్లా చల్లగా చూస్తాడు. నాకు మోకాళ్ళు పట్టేశాయి, రాలేను" అని చెప్పింది సైదాబీ. మలారం తీసుకెళ్ళి జీషాన్ ఫ్యాన్సీ షాపువాళ్ళకు ఇచ్చేశాడు. వాళ్ళు గాజులన్నీ తాళ్ళు తెంపి అట్టపెట్టెల్లో సర్దుకున్నారు. డాక్టరమ్మ చెప్పినట్టే పులిపిరులు ఒక్కొక్కటీ వాటంతటవే పోయాయి. ఎప్పుడు పోయాయో సైదాబీ చూసుకోలేదు. బియ్యం ఏరుతున్న అత్త చేతులు చూసి యాస్మిన్ చెబితే, ఒకసారి వేళ్ళు తిప్పి చూసుకుని, "అవునే" అని మళ్ళీ బియ్యం ఏరుకుంది. అప్పటికి ఆ చేతిలో చెయ్యి పెట్టడానికి ఎవరూ మిగల్లేదు.

శ్రీమంతం నాటి సాయంత్రం పేరంటాళ్ళందరూ వెళ్ళిపోయాక, సైదాబీ మరిచిపోయిన తడి చాపను చుట్టబోయి పనమ్మాయి వెనక్కి తగ్గింది. ఆకుపచ్చ గాజుముక్క పక్కన గ్లౌజు తిరగబడి పడి ఉంది. బొటనవేలి దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, మిగతా నాలుగు వేళ్ళలోనూ సబ్బునీళ్ళు ఇంకా ఆరలేదు.